నాగరికతల ఆటలో యుగాలకు తెలుగు పేర్లు పెట్టడం ఎలా

సివిలైజేషన్ తరహా ఆటలకు (పురాతన కాలం నుంచి ఒక రాజ్యాన్ని పెంచుకుంటూ వంతులవారీగా ఆడే కంప్యూటర్ ఆటలు) తెలుగులో మాడ్ (ఆట ఫైళ్లు మార్చి చేసుకునే సొంత రూపం) చేస్తున్నవాళ్లు దాదాపు అందరూ ఒకే చోట ఆగిపోతున్నారు. నగరాల పేర్లు దొరుకుతాయి, సైనికుల పేర్లు దొరుకుతాయి, యుగాల పేర్ల దగ్గరకు వచ్చేసరికి నిఘంటువు తీసి ఇంగ్లిష్ మాటకు ఎదురుగా ఉన్న మాట పెట్టేస్తారు. ఆట మొదలుపెట్టాక, క్లాసికల్ అన్న మాటకు పెట్టిన ‘శాస్త్రీయ యుగం’లో గుర్రపు రౌతులు తిరుగుతుంటారు. అలా కాకుండా ఏం చేయాలో ఇక్కడ వరసగా ఉంది. ఫైళ్ల పని వరకు అన్‌సివ్ అనే ఉచిత, ఓపెన్ సోర్స్ ఆటను ఉదాహరణగా తీసుకున్నాం. అది ఫోన్లోనూ కంప్యూటర్లోనూ ఆడుతుంది, సివిలైజేషన్ 5 నియమాల మీద నడుస్తుంది, మాడ్ అంతా మామూలు టెక్స్ట్ ఫైళ్లే. పేర్ల ఎంపిక గురించి చెప్పినవి మాత్రం ఏ ఆటకైనా పనికొస్తాయి.

కావలసినవి

- అన్‌సివ్ కంప్యూటర్ వెర్షన్. ఫోన్లో ఫైళ్లు దిద్దడం సాధ్యమే కానీ, కొత్త ఆండ్రాయిడ్‌లలో మాడ్‌ల ఫోల్డర్ తెరవడమే ఒక పని అవుతుంది.
- యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలు చెదరకుండా దాచే పద్ధతి) సేవ్ చేసే టెక్స్ట్ ఎడిటర్. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ లేదా వీఎస్ కోడ్ చాలు.
- ఒక కాగితం మీదో స్ప్రెడ్‌షీట్‌లోనో టెక్నాలజీల పూర్తి జాబితా, నిలువు వరసల వారీగా.
- మీ మాడ్ గురించి ఏమీ తెలియని ఒక మనిషి. చివర్లో అవసరం పడతారు.

ఫైళ్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాశాం. మీ కంప్యూటర్లో అవి ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంటాయి, ఉండాలి కూడా.

1. ముందు మీ ఆటలో యుగం ఎలా మారుతుందో చూడండి

పేర్ల గురించి ఆలోచించే ముందే ఇది తేలాలి. రెండు పద్ధతులు ఉన్నాయి.

సివిలైజేషన్ 5లోనూ అన్‌సివ్‌లోనూ ఎవరి యుగం వారిది. కొత్త యుగానికి చెందిన ఒక్క టెక్నాలజీ చేతికొస్తే చాలు, ఆ ఆటగాడు ఆ యుగంలోకి అడుగుపెట్టినట్టే. పక్క రాజ్యం ఇంకా వెనక యుగంలోనే ఉండొచ్చు.

సివిలైజేషన్ 7లో (2025) అలా కాదు. అక్కడ ఉన్నవి మూడే యుగాలు, ఒకటి ముగిస్తే అందరూ కలిసి తర్వాతి దాంట్లోకి వెళ్తారు. సివిలైజేషన్ 6కు 2018లో వచ్చిన రైజ్ అండ్ ఫాల్ నుంచి రెండూ కలిసి ఉన్నాయి: ప్రపంచానికంతా ఒక యుగం, దానికి తోడు ఎవరి టెక్నాలజీ స్థాయి వారిది.

అందరూ కలిసి కదిలే ఆటలో యుగానికి ఒక సంఘటన పేరు పెట్టినా చెల్లుతుంది. ఎవరి దారిన వారు నడిచే ఆటలో చెల్లదు. ఒకరు 80వ టర్నులో (వంతులో) చేరతారు, ఇంకొకరు 140లో చేరతారు. ఇద్దరికీ నిజమయ్యేది తేదీ కాదు, రాజు కాదు, వాళ్ల చేతికి వచ్చిన వస్తువు ఒక్కటే. ఇకపై చెప్పే అంగలన్నీ ఈ మాట మీదే నిలబడ్డాయి.

2. యుగం గుమ్మంలో ఏముందో రాసుకోండి

ప్రతి యుగానికీ టెక్నాలజీ వృక్షంలో (ఏ టెక్నాలజీ తర్వాత ఏది వస్తుందో చూపే పటంలో) కొన్ని నిలువు వరసలు ఉంటాయి. ప్రతి యుగంలో మొదటి వరసలో ఉన్న టెక్నాలజీలన్నీ రాయండి. ఆటగాడు లోపలికి వచ్చేది వాటిలో ఏదో ఒక దాని గుండానే.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ‘అచ్చు యంత్ర యుగం’ అని పేరు పెడతారు, బాగానే ఉంటుంది. కానీ ఆటగాడు ఖగోళశాస్త్రం నేర్చుకుని ఆ యుగంలోకి వస్తాడు, అచ్చు యంత్రం ఇంకో ఇరవై టర్నుల దాకా ఉండదు. తెర మీద పేరు ఒకటి, చేతిలో ఉన్నది మరొకటి.

దీనికి మూడు దారులు:

- పేరులోని వస్తువును మొదటి వరసలోకి తేవడం. సొంత రూల్‌సెట్ (ఆట నియమాల ఫైళ్ల కట్ట) అయితే ఇదే మేలు.
- ఆ వరసలో కనీసం సగం టెక్నాలజీలను కలుపుకొనే విశాలమైన మాట వెతకడం. ఓడ, రేవు, దిక్సూచి ఉన్న వరసకు ‘సముద్ర యుగం’ సరిపోతుంది.
- రెండూ కుదరకపోతే రంగు లేని పేరు పెట్టడం. ‘తొలి’, ‘నడిమి’, ‘మలి’ అన్నవి అబద్ధం చెప్పవు.

3. రాజవంశం పేరు పెట్టకండి

తెలుగువాళ్లకు ఇది సహజంగా వచ్చే పొరపాటు. మన సాహిత్య చరిత్రలో యుగాలు చాలావరకు మనుషుల పేర్ల మీదే ఉన్నాయి: నన్నయ యుగం, తిక్కన యుగం, శ్రీనాథ యుగం, రాయల యుగం. బడిలో చదువుకున్న చరిత్ర కూడా శాతవాహనులు, ఇక్ష్వాకులు, కాకతీయులు అని వంశాల వరసే. కాబట్టి చేయి అటే పోతుంది.

కానీ ఆటలో చోళులను తీసుకున్నవాడు ‘కాకతీయ యుగంలోకి అడుగుపెట్టారు’ అన్న కబురు చదివితే ఏమనుకోవాలి? పైగా కాకతీయులే ఆ పటం మీద ఇంకో ఆటగాడి చేతిలో ఉండి, అప్పటికే ఓడిపోయి ఉండొచ్చు. వంశం పేరు రాజ్యానికి ఉంచండి, యుగానికి వద్దు.

ఒకే ఒక్క మినహాయింపు ఉంది. సినారియోలో (ముందే కథ, పటం కట్టి ఇచ్చే ఆటలో) అందరూ ఒకే రాజ్యపు సామంతులై, టర్నుల లెక్కన యుగం మారుతుంటే వంశం పేరు అర్థవంతమే.

4. ఇంగ్లిష్ వరసను తెలుగు చేస్తుంటే

సొంత పటం కాకుండా, ఆటలో ఉన్న యుగాలకే తెలుగు పేర్లు కావాలనుకునేవారికి ఈ భాగం. సివిలైజేషన్ 6కు 2019లో వచ్చిన గ్యాదరింగ్ స్టార్మ్‌లో తొమ్మిది యుగాలు: ఏన్షియంట్, క్లాసికల్, మెడీవల్, రినైసెన్స్, ఇండస్ట్రియల్, మోడరన్, అటామిక్, ఇన్ఫర్మేషన్, ఫ్యూచర్. అన్‌సివ్ వరస కూడా ఇంచుమించు ఇదే. వీటిలో ఆరు ఇబ్బంది పెట్టవు: పురాతన యుగం, మధ్య యుగం, పారిశ్రామిక యుగం, అణు యుగం, సమాచార యుగం, భవిష్యత్ యుగం. మిగతా మూడు ఇబ్బంది పెడతాయి.

క్లాసికల్: ‘శాస్త్రీయ’ అనకండి. సంగీతం పక్కన ఆ మాట సరే. యుగం పక్కన చేరితే విజ్ఞానశాస్త్రం అనే అర్థమే తగులుతుంది. పైగా సివిలైజేషన్ 5లో సైంటిఫిక్ థియరీ అనే టెక్నాలజీ ఉంది. దాన్ని ‘శాస్త్రీయ సిద్ధాంతం’ అని రాస్తారు, అప్పుడు రెండూ గుద్దుకుంటాయి. ‘సామ్రాజ్యాల యుగం’ మంచి పేరు. ఆ దశలో ఆటగాడు చేసేది కూడా అదే, నగరాలు పెంచుకుంటూ పొరుగువాడి సరిహద్దు దాకా పోవడం.

రినైసెన్స్: ‘పునరుజ్జీవన యుగం’ అన్నది తప్పు కాదు. కానీ అది ఇటలీలో మొదలై యూరప్ అంతా పాకిన ఒక ఉద్యమం పేరు. తెలుగులో ఆ మాట వింటే చాలామందికి వీరేశలింగం గారి కాలం, 19వ శతాబ్దపు సంస్కరణలు గుర్తొస్తాయి. ఆటలో ఆ యుగంలో ఉన్నవి తుపాకీమందు, ఖగోళశాస్త్రం, బ్యాంకింగ్, అచ్చు యంత్రం, సముద్రయానం. ‘సముద్ర యుగం’ అంటే ఈ జాబితాలో దాదాపు సగం దానికిందకు వస్తుంది. యూరప్ పటం మీదే ఆడే మాడ్ అయితే పునరుజ్జీవనమే ఉంచండి, అక్కడ దాని స్థానం దానిది.

మోడరన్: ‘ఆధునిక యుగం’ అంటే మనకు ఇప్పుడు నడుస్తున్న కాలం. దాని తర్వాత ఇంకా అణు, సమాచార యుగాలు వస్తుంటే చదివేవాడు తికమక పడతాడు. ‘విద్యుత్ యుగం’ అనొచ్చు, మీ రూల్‌సెట్‌లో విద్యుత్తు పారిశ్రామిక యుగంలోనే వచ్చేస్తుంటే ‘మోటారు యుగం’ అనొచ్చు. సివిలైజేషన్ 7లో మాత్రం చివరి యుగమే మోడరన్, కాబట్టి అక్కడ ‘ఆధునిక’ హాయిగా కుదురుతుంది.

5. దక్కన్ పటానికి సొంత వరస కడుతుంటే

గోదావరి, కృష్ణా నదుల మధ్య పటం గీసి, దానికి తగ్గ యుగాలు కావాలని అడిగేవాళ్లు చాలామంది. పేరు పెట్టడంలో అసలు రుచి ఉన్నది ఇక్కడే, తప్పుకు ఎక్కువ చోటున్నదీ ఇక్కడే.

మొదటి తప్పు ‘కంచు యుగం’. రాయి, కంచు, ఇనుము అన్న వరస పశ్చిమాసియాకూ యూరప్‌కూ సరిపోయేది. దక్షిణ భారతంలో విడిగా కంచు యుగం అంటూ లేదు. నవీన శిలాయుగం, దాని చివర్లో కొంత రాగి వాడకం, ఆ వెంటనే ఇనుము. కాబట్టి రెండో యుగం నేరుగా ‘ఇనుప యుగం’ కావాలి. ఆ కాలపు పెద్ద రాతి సమాధులను మన ఊళ్లలో రాకాసి గుళ్లు అంటారు. యుగం పేరుగా కాకుండా, ఆ యుగంలో కట్టుకునే కట్టడానికి ఆ పేరు పెట్టండి, అద్భుతంగా కుదురుతుంది.

ఒక వరస ఇలా ఉండొచ్చు:

- మందల యుగం. నవీన శిలాయుగపు దక్కన్ పశువుల మీద బతికింది. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు లాంటి చోట్ల ఉన్న బూడిద దిబ్బలు ఆనాటి పశువుల దొడ్ల పేడ కాలి పేరుకున్నవి. మొదటి వరసలో పశుపోషణ ఉండాలి.
- ఇనుప యుగం.
- శాసనాల యుగం. రాత వచ్చింది, అశోకుడి శాసనాలు ఎర్రగుడిలో ఉన్నాయి, శాతవాహనుల నాణేలు, తూర్పు తీరపు రేవులు, అమరావతి స్తూపం. రాత, నాణెం రెండూ గుమ్మంలో ఉంచండి.
- చెరువుల యుగం. ఈ వరసలో మేం ఎక్కువ ఇష్టపడేది ఇదే. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు తవ్వించింది కాకతీయుల కాలంలో. అయినా చెరువు ఒక్క వంశానిది కాదు, రాయలసీమలోనూ తమిళనాట కూడా రాజ్యం నిలబడ్డది వాటి మీదే. ఏ ఆటగాడికైనా నిజమయ్యే పేరు.
- ఫిరంగుల యుగం. 1565 నాటి రాక్షసతంగడి యుద్ధం, 1687లో గోల్కొండ పతనం ఈ యుగంలోకి వస్తాయి. మచిలీపట్నంలో ఇంగ్లిష్‌వాళ్లు కొట్టు తెరిచింది 1611లో. తుపాకీమందు తప్పకుండా మొదటి వరసలో ఉండాలి, లేకపోతే 2వ అంగలో చెప్పిన తప్పు మీరూ చేసినట్టే.
- ఆనకట్టల యుగం. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలైంది, 1852లో పూర్తయింది. రైళ్లు, బొగ్గు కూడా ఇందులోనే.
- విద్యుత్ యుగం.
- రాకెట్ల యుగం. శ్రీహరికోట ఉండగా ఇక్కడ ‘అణు యుగం’ కంటే ఇదే దగ్గరగా ఉంటుంది.
- సమాచార యుగం.

ఈ పేర్లలో ఎక్కువ వాటికి ఒక పోలిక ఉంది గమనించండి: చూడగలిగే, తాకగలిగే వస్తువులు. వరసలో సగం ‘ఫిరంగుల’, ‘చెరువుల’ అని ఉండి, మిగతా సగం ‘సామాజిక పరివర్తన యుగం’ అని ఉంటే రెండు వేర్వేరు చేతులు రాసినట్టుంటుంది. ఏదో ఒక పద్ధతికి కట్టుబడండి.

6. ‘యుగం’ అన్న మాట రెండు పనులకు వాడకండి

ఈ ఆటల్లో గోల్డెన్ ఏజ్ అని వేరే ఏర్పాటు ఉంటుంది. సివిలైజేషన్ 5లోనూ అన్‌సివ్‌లోనూ సంతోషం నిండినప్పుడు కొన్ని టర్నుల పాటు రాబడి పెరుగుతుంది. దాన్ని ‘స్వర్ణయుగం’ అంటే, ఆటగాడు అది తర్వాతి యుగం అనుకుంటాడు. పది టర్నులకు అది అయిపోతే వెనక్కి పడ్డామా అని కంగారు పడతాడు.

దీనికి తెలుగులో సిద్ధంగా ఉన్న మాట ‘మహర్దశ’. ‘రాజ్యానికి మహర్దశ పట్టింది’ అంటే ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు, ఏదో ఒకనాటికి పోతుందని కూడా ఆ మాటలోనే ఉంది. సివిలైజేషన్ 6లో డార్క్ ఏజ్ కూడా ఉంది, దానికి ‘దుర్దశ’. యుగం అన్నది ముందుకే పోతుంది, దశ వస్తుంది పోతుంది. ఈ తేడాను ఫైలంతా పాటించండి.

7. విభక్తి పరీక్ష

ఆట మీ పేరును వాక్యాల మధ్య తెచ్చి అతికిస్తుంది. ఇంగ్లిష్‌కు ఇబ్బంది లేదు, తెలుగుకు ఉంది. వాక్యపు అచ్చు ‘[యుగం]కి చేరుకున్నారు’ అని రాసుకుంటే (చదరపు బ్రాకెట్లు పేరు వచ్చి పడే చోటుకు గుర్తు; ఫైలులో వాటి మధ్య మాట ఇంగ్లిష్‌లోనే ఉంటుంది) తెర మీద ‘చెరువుల యుగంకి చేరుకున్నారు’ అని వస్తుంది. రావాల్సింది ‘యుగానికి’. ఆటకు సంధి తెలియదు.

మార్గం ఏమిటంటే, ‘యుగం’ మాట మారకుండా నిలిచే ప్రత్యయాలనే వాడడం.

- ‘[యుగం]లోకి అడుగుపెట్టారు’: సరే.
- ‘[యుగం]లో కట్టగలరు’: సరే.
- ‘[యుగం] నుంచి దొరుకుతుంది’: సరే.
- ‘[యుగం]కి’, ‘[యుగం]ను’, ‘[యుగం]పు’: మూడూ వద్దు. ‘యుగానికి’, ‘యుగాన్ని’, ‘యుగపు’ అని రావాలి, రావు.

తప్పనిసరిగా ‘కి’ కావాల్సిన చోట వాక్యాన్నే తిప్పండి. ‘కొత్త యుగం మొదలైంది: [యుగం]’ అంటే ఏ పేరైనా ఇముడుతుంది. ఇంకో జాగ్రత్త: పేర్లన్నీ ‘యుగం’తోనే ముగియాలి. ఒకటి ‘రాకెట్ల కాలం’ అని ఉంటే నడుస్తుంది, ‘రాకెట్ల రోజులు’ అని ఉంటే ‘రోజులులోకి’ అవుతుంది.

ఖాళీ విషయంలో కూడా ఒకే పద్ధతి. ‘మధ్యయుగం’ కలిపి, ‘అణు యుగం’ విడదీసి రాయకండి. వెతికేటప్పుడు సగం దొరకవు.

8. అక్షరాల పరీక్ష

కొన్ని ఆటలు అక్షరాలను ఒక్కొక్కటిగా విడివిడిగా గీస్తాయి. అలాంటి చోట ఒత్తు కిందికి పోకుండా పక్కన నిలబడుతుంది, గుణింతం తలకట్టు మీద పడుతుంది. పేర్లన్నీ ఖరారు చేశాక ఇది తెలిస్తే శ్రమ వృథా. కాబట్టి ముందే ఒక యుగానికి ‘కి కె స్త్రీ క్ష్మి జ్జీ’ అని పేరు పెట్టి ఆటలో చూడండి.

అన్నీ సరిగా వస్తే ముందుకెళ్లండి. గుణింతాలు బాగుండి ఒత్తులు మాత్రం చెదిరితే ఒత్తులు లేని పేర్లు ఎంచుకోండి: పురాతన, ఇనుప, చెరువుల, ఫిరంగుల, ఆవిరి, మోటారు, అణు, సమాచార, రేపటి. గుణింతాలే చెదిరితే పేరు మార్చి లాభం లేదు, ఆ ఆటలో ఆ వెర్షన్ వరకు తెలుగు లిపి పెట్టకండి.

పొడవు కూడా ఇప్పుడే చూడాలి. టెక్నాలజీ వృక్షం పైన యుగం పేరు దాని నిలువు వరసలంత వెడల్పులోనే పట్టాలి. రెండే వరసలున్న యుగానికి పది అక్షరాలు దాటిన పేరు పెట్టకపోవడం మంచిది.

9. ఫైళ్లలో పెట్టడం

రెండు దారులున్నాయి.

సులువైన దారి: యుగం అసలు పేరును ఇంగ్లిష్‌లోనే వదిలేసి అనువాదం మాత్రం చేర్చడం. మాడ్‌లోని జేసన్స్ ఫోల్డర్‌లో ట్రాన్స్‌లేషన్స్ ఫోల్డర్, అందులో భాష పేరుతో ప్రాపర్టీస్ ఫైలు. ప్రతి వరసలో ఎడమన ఇంగ్లిష్ పేరు, మధ్యలో సమానం గుర్తు, కుడివైపు తెలుగు. వాక్యాల్లో చదరపు బ్రాకెట్ల మధ్య ఉన్న మాటను అనువదించకండి, అక్షరం మారకుండా కుడివైపు కూడా ఉంచండి. ఆ మాట ఉన్న చోటే ఆట పేరును అతికిస్తుంది. ఈ దారిలో వెళ్లాలంటే ఆట భాషల జాబితాలో మీ భాష ఉండాలి.

రెండో దారి: సొంత రూల్‌సెట్‌లో యుగానికే తెలుగు పేరు పెట్టడం. ఎరాస్ జేసన్ ఫైలులో యుగాలు ఏ వరసలో ఉంటే ఆటలోనూ అదే వరస, అటూ ఇటూ చేయకండి. అక్కడ పేరు మార్చాక, టెక్స్ జేసన్‌లో ప్రతి నిలువు వరసకూ ఉన్న యుగం పేరు, పాలసీస్ జేసన్‌లోని యుగం పేరు, ఇంకా ఎక్కడ ఆ పేరు వాడితే అక్కడ, అన్నీ మార్చాలి. చేత్తో టైపు చేయకండి, కాపీ చేసి అతికించండి. ‘యుగం’ తర్వాత కనిపించని ఒక్క ఖాళీ మిగిలినా ఆట దాన్ని వేరే యుగం అనుకుంటుంది. రూల్‌సెట్ పూర్తిగా మీదే అయితే మాడ్ ఆప్షన్స్ ఫైలులో అది బేస్ రూల్‌సెట్ అని చెప్పడం మరచిపోకండి.

సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8, బీఓఎం (ఫైలు మొదట్లో కనిపించకుండా చేరే గుర్తు) లేకుండా.

10. సరిచూసుకోవడం

మొదట ఆట ఆప్షన్లలో మాడ్ తప్పులు వెతికే విభాగం తెరవండి. లేని యుగాన్ని ఏ టెక్నాలజీ చూపిస్తున్నా అక్కడ పడుతుంది.

తర్వాత కొత్త ఆట తెరలో మొదలయ్యే యుగం ఎంచుకునే చోట పేర్లన్నీ వరసలో కనిపిస్తాయి. పైనుంచి కిందికి ఒకసారి చదవండి. ఒక్కో యుగం నుంచి ఒక్కో ఆట మొదలుపెట్టి, ఒక టెక్నాలజీతో తర్వాతి యుగంలోకి వెళ్లి, వచ్చే కబురు చదవండి. తొమ్మిది యుగాలకూ కలిపి గంట పట్టదు.

ఇప్పుడు, మొదట్లో చెప్పిన ఆ ఏమీ తెలియని మనిషి. పేర్లను విడివిడి చీటీల మీద రాసి కలిపేసి, కాలక్రమంలో పేర్చమనండి. ఏమీ చెప్పకండి. రెండు చీటీలు తారుమారైతే, ఆ రెండు పేర్లలో ఒకటి మార్చాల్సిందే. ఎక్కువగా తారుమారయ్యేవి విద్యుత్తు, ఆనకట్టల జంట. ఆనకట్ట అనగానే చాలామంది 1967లో నీళ్లు వదిలిన నాగార్జునసాగర్‌ను తలచుకుంటారు, ధవళేశ్వరాన్ని కాదు. అలా జరిగితే ఆ యుగాన్ని ‘రైళ్ల యుగం’ చేయండి.

పేర్లు ఖరారయ్యేదాకా పొడవైన ఆట మొదలుపెట్టకండి. మొదలయ్యే యుగం పేరు సేవ్ ఫైలులో కూడా రాసి ఉంటుంది. రెండో దారిలో పేరు మారిస్తే పాత సేవ్‌లు తెరుచుకోకపోవచ్చు. మార్చక తప్పకపోతే ముందు మాడ్ ఫోల్డర్‌ను, సేవ్‌లను వేరే చోట కాపీ చేసి ఉంచుకోండి.